నేలలోని నిలువ సొమ్ము



వానాకాలపు వరికోతలు ముగింపునకు వచ్చినవి. డిచ్‌పల్లి చుట్టుపట్ల హార్వెస్టరు పోయిన మడులలో వరిగడ్డి వరుసలుగా పడియున్నది. సాయంకాలమున ఆర్మూరు దారిని గాని నిజామాబాదు దారిని గాని పోవువారికి రోడ్డునకు ఇరుప్రక్కల అక్కడక్కడ పొగలు లేచుచుండుట కనబడును. మరునాటికి ఆ మడి నల్లబడి యాసంగి దుక్కికి సిద్ధమై యుండును. ఒక్క అగ్గిపుల్లతో పని తీరును. కూలి లేదు, డీజిలు లేదు. సేద్యపు పనులలో ఇంతకంటె చవుకయైనది మరియొకటి లేదని అనేకుల నమ్మకము. ఈ నెల మేము మనవి చేయబోవునది ఆ నమ్మకమును గురించియే. ఆ పని చవుక కాదనియు, దాని ఖరీదును మనము ఏటేట చెల్లించుచున్నను మన జమాఖర్చులో వ్రాసికొనుట లేదనియు మా అభిప్రాయము.

మొన్న ఒక గ్రామమునకు ప్రదర్శనకై పోయినప్పుడు ఒక వృద్ధ రైతు మమ్ము నిలిపి అడిగెను: "సారూ, పంజాబుల గడ్డి కాలిస్తే ఢిల్లీకి పొగ పోతదని పేపర్ల రాస్తున్నరు. మా నాలుగెకరాల పొగ ఎవ్వల గొంతుల పడ్డది? బొగ్గు కాల్చి కరెంటు చేసెటోళ్లను, విమానాలెక్కి తిరిగెటోళ్లను అడుగరాదు?" అక్కడ కూడినవారందరు నవ్విరి. మేమును నవ్వితిమి. కాని ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. అందు సగము సత్యము కలదు. ఆ సగమును ముందుగా ఒప్పుకొని, మిగిలిన సగమును లెక్కవేసి తేల్చుట మా విధి.

కర్బనమనునది మనకు క్రొత్త వస్తువు కాదు. పొయ్యిలో మిగిలిన బొగ్గులో నున్నది అదియే. బియ్యములో, గడ్డిలో, కట్టెలో, పసుపు కొమ్ములో, పశువుల శరీరములో, మన శరీరములో నున్నదియు అదియే. మేము మిషను బడిలో చదువుకొను దినములలో పంతులుగారు వెలుగుచున్న క్రొవ్వొత్తిపై గాజు సీసా బోర్లించిరి. దీపము ఆరిన పిమ్మట ఆ సీసాలో తేరిన సున్నపు నీరు పోసి ఆడించిరి. నీరు పాలవలె తెల్లబడెను. కాలిన మైనము మాయము కాలేదనియు, బొగ్గుపులుసు గాలియై ఆ సీసాలోనే యున్నదనియు వారు మాకు బోధించిరి. ఇన్ని యేండ్లయినను ఆ పాఠము మాకు మరపునకు రాలేదు. కాలినదంతయు గాలిలోనికి పోవును. గాలిలోని ఆ బొగ్గుపులుసు గాలినే ఆకులు ఎండవెలుతురున పీల్చుకొని మరల గడ్డిగా, గింజగా, దుంపగా మార్చును. గడ్డిని పశువు తినును. పేడ నేలకు చేరును. నేలలోని సూక్ష్మజీవులు దానిని తిని కొంత వాయువుగా విడుచును, కొంత నేలలోనే నిలిపి యుంచును. మన సంఘములో సొమ్ము జమయై, అప్పుగా పోయి, మరల తిరిగివచ్చునట్లు కర్బనమును గాలికి, పైరునకు, నేలకు, సముద్రమునకు నడుమ తిరుగుచుండును. దీనినే శాస్త్రజ్ఞులు కర్బన చక్రమందురు.

ఈ తిరుగుడునకు లెక్క వ్రాయు పని చిరకాలముగా సాగుచున్నది. 1896లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆరీనియస్ గాలిలో బొగ్గుపులుసు గాలి హెచ్చినచో భూమి వేడెక్కునని లెక్కగట్టి చూపెను. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా కొండపై ఆ వాయువును ఎడతెగక కొలుచు ఏర్పాటు చేసెను. అప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో అది సుమారు 315 పాళ్లుండెను. యంత్ర పరిశ్రమలు పుట్టక పూర్వము సుమారు 280 పాళ్లే. 2024లో లోకమంతటి సగటు 423 పాళ్లు దాటినదని ప్రపంచ వాతావరణ సంస్థవారు ప్రకటించిరి. 2001లో నానాదేశముల శాస్త్రజ్ఞులు కూడి గ్లోబల్ కార్బన్ ప్రాజెక్టు అను కూటమిని ఏర్పరచిరి. మన సంఘము మహాసభ ముందు వార్షిక జమాఖర్చును పెట్టునట్లు, వారు ఏటేట లోకము ముందు కర్బనపు జమాఖర్చును పెట్టుచున్నారు.

ఆ పద్దులను సంక్షేపముగా చెప్పెదము. బొగ్గు, చమురు, సహజవాయువులను కాల్చుటవలనను సిమెంటు చేయుటవలనను ఏటికి సుమారు 1,000 కోట్ల టన్నుల కర్బనము గాలిలోనికి పోవుచున్నది. అడవులు నరకి, నేలల వాడుక మార్చుటవలన పోవునది ఇంచుమించు అందులో పదవవంతు. కావున మా వృద్ధ రైతు పలికినది నిజమే. లోకము మీది ఈ అప్పులో అధికభాగము పొగగొట్టములు చేసినది. నాలుగెకరముల రైతు చేసినది కాదు. ఈ విషయమున రైతును ముద్దాయిగా బోనులో నిలబెట్టువారితో మేము ఏకీభవింపము.

ఇక రెండవ ప్రక్క పద్దు చూడుడు. ఏటేట పోయిన కర్బనమంతయు గాలిలో నిలిచియుండుట లేదు. ఇంచుమించు సగమే నిలుచుచున్నది. నాలుగవవంతును సముద్రములు తమలో కరగించుకొనుచున్నవి. నాలుగవవంతునకు కొంచెము పైగా అడవులు, గడ్డిభూములు, నేలలు కలిసి తీసికొనుచున్నవి. అనగా లోకము చేసిన అప్పులో సగమును నేలయు నీరును జామీనుదారులవలె నిలిచి తీర్చుచున్నవి. ఆ జామీనుదారులకు ఎవరును కృతజ్ఞత చెప్పరు, కూలి ఈయరు.

శాస్త్రజ్ఞుల నేటి భయము ఆ జామీనుదారుల బలమును గురించి. మన సంఘములో జామీను పడిన వానికి రెండేండ్లు వరుసగా పంట పోయినచో ఏమగునో మీకు తెలియును. అతడే అప్పుకై సంఘము గడప త్రొక్కును. నేల సంగతియు అట్టిదే. కరవు వచ్చిన ఏట చెట్టు ఆకు ముడుచుకొనును, పీల్చునది తగ్గును. ఎండ హెచ్చి తేమయు ఉన్న నేలలో క్రుళ్లుట త్వరపడును, విడుచునది హెచ్చును. 2023లో కెనడా దేశపు అడవులు తగులబడి 64 కోట్ల టన్నులకు పైగా కర్బనము గాలిపాలయ్యెను. చైనా, అమెరికా, భారతదేశములు తప్ప మరి ఏ దేశమును బొగ్గు చమురులవలన ఒక యేట అంత విడుచుట లేదు. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవి ఆగ్నేయ భాగము పీల్చుదానికంటె విడుచునదే ఎక్కువయినదని బ్రెజిలు శాస్త్రజ్ఞులు విమానములతో గాలిని పట్టి పరీక్షించి 2021లో తెలిపిరి. ఉత్తరధ్రువ ప్రాంతమున వేలయేండ్లుగా గడ్డకట్టియున్న నేలలలో లక్షన్నర కోట్ల టన్నుల ప్రాంతము కర్బనము దాగియున్నది; ఆ నేలలు అంచులనుండి కరగుచున్నవి. 2023 నుండి 2024కు గాలిలో బొగ్గుపులుసు గాలి 3.5 పాళ్లు పెరిగెను. 1957లో ఈ కొలతలు మొదలైన నాటినుండి ఒక్క యేట అంత పెరుగుదల కనబడలేదు. పొగగొట్టములతోపాటు కార్చిచ్చులును, నేలయు సముద్రమును పీల్చునది తగ్గుటయు ఇందుకు కారణములై యుండునని ప్రపంచ వాతావరణ సంస్థవారు తెలిపిరి.

ఇవన్నియు దూరదేశపు సంగతులనుకొనువారు మన రాష్ట్రపు కొలతనే చూడవచ్చును. హైదరాబాదునకు దక్షిణమున షాద్‌నగరులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరువారు 2014లో గాలిని కొలిచిరి. బొగ్గుపులుసు గాలి వేసవిలో అన్నిటికంటె ఎక్కువగాను, వానాకాలమున అన్నిటికంటె తక్కువగాను ఉన్నట్లు తేలెను. తొలకరి పడినది మొదలు పైరులు, చెట్లు, గట్టుమీది గరిక పచ్చబడి ఆ వాయువును పీల్చుకొనుటయు, వానగాలులు వీచుటయు ఇందుకు హేతువులు. మీథేను అను మరియొక వాయువు వానలు వెడలిన పిదప హెచ్చుగా కనబడెను. అది నీరు నిలిచిన వరిమడులనుండియు పశువులనుండియు వచ్చునది. కావున మన పొలములకు లోకపు జమాఖర్చులో ఖాతా లేదనుట సరి కాదు. ఖాతా చిన్నది, అంతే.

ఇప్పుడు ఆ చిన్న ఖాతాలోనికి వత్తము. లోకములోని నేలలలో ఒక మీటరు లోతువరకు సుమారు 1,50,000 కోట్ల టన్నుల కర్బనము కలదు. గాలిలో నున్నది సుమారు 90,000 కోట్ల టన్నులు. చెట్టుచేమలన్నిటిలో నున్నది 45,000 కోట్ల ప్రాంతము. గాలిని, చెట్లను కలిపి చూచినను నేలలోని నిలువయే పెద్దది. ఈ నిలువలో మన వంతెంత? ఎకరము పొలములో పై ఆరంగుళముల మట్టి సుమారు 900 టన్నుల బరువుండును. మట్టి పరీక్ష చీటిలో సేంద్రియ కర్బనము 0.5 శాతమునకు లోబడినచో తక్కువ యనియు, 0.75 శాతము దాటినచో ఎక్కువ యనియు వ్రాయుదురు. 0.5 శాతమనగా ఎకరమునకు నాలుగున్నర టన్నులు. మేము చూచిన చల్కలలో చాలవరకు ఈ గీతకు దిగువనే యున్నవి.

ఈ నాలుగున్నర టన్నులే రైతు నిజమైన నిలువ సొమ్ము. మట్టికి మెత్తదనమిచ్చునది అది. పడిన వానను పట్టి పదిదినములు దాచునది అది. వేసిన యూరియా నీటితో కొట్టుకొనిపోకుండ కొంత ఆపునది అది. బోరు ఎండిన ఏట ఒక తడి ఆలస్యమైనను పైరు నిలుచునా, వాడునా యని తేల్చునదియు చాలవరకు అదియే. బ్యాంకులోని సొమ్మును గురించి దినమున కొకసారి తలచుకొను మనము ఈ సొమ్మును గురించి ఏండ్లతరబడి విచారింపము.

నిలువ పెరుగునా యని మీరడుగవచ్చును. పెరుగుననుటకు దృష్టాంతము మన రాష్ట్రముననే కలదు. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరువులోని ఇక్రిశాటు పరిశోధన క్షేత్రమున 1976లో నల్లరేగడి భూమిని విభజించి ప్రయోగము మొదలిడిరి. ఒక భాగమున పాత పద్ధతి; వానాకాలమున బీడు విడిచి, పిమ్మట మిగిలిన తేమపై ఒక పంట. రెండవ భాగమున వెడల్పు బోదెలు, నీరు పోవుటకు చాళ్లు, వానాకాలముననే జొన్నలో కంది, తగిన ఎరువు. ఇరువది నాలుగేండ్ల పిమ్మట లెక్క చూచిరి. పాత పద్ధతిలో ఏటికి సగటున హెక్టారునకు 1.1 టన్ను గింజ. క్రొత్త పద్ధతిలో 5.1 టన్నులు. 120 సెంటీమీటర్ల లోతువరకు మట్టిలో నున్న కర్బనము మొదటి దానిలో 39.5 టన్నులు, రెండవ దానిలో 46.8 టన్నులు. అనగా ఎకరమునకు సుమారు మూడు టన్నుల కర్బనము అధికముగా నిలిచినది. గింజ పెరిగిన పొలముననే నిలువయు పెరుగుట ఇందు గమనింపదగినది. లోకమునకై రైతు తన పంటను త్యాగము చేయవలెనను మాట అబద్ధమని ఈ ప్రయోగము తేల్చినది. అయితే దానికి ఇరువది నాలుగేండ్లు పట్టెననియు మరువరాదు. నేల తొందరపడి వడ్డీ కట్టదు.

ఇక వరిగడ్డి పద్దు. ఎకరమునకు రెండు టన్నుల గడ్డి యనుకొందము. అందు కర్బనము సుమారు 800 కిలోలు. నత్రజని టన్నుకు అయిదారు కిలోల చొప్పున రెండు టన్నులకు 11 కిలోలు. అగ్గి పెట్టినచో ఈ రెండును దాదాపు పూర్తిగా గాలిపాలగును. భాస్వరము, పొటాషులలో కొంత పొగతో పోవును. బూడిదలో మిగిలిన దానిలో కొంత గాలికి ఎగిరిపోవును. పై పొరలోని సూక్ష్మజీవులు మాడును. 11 కిలోల నత్రజని యనగా 24 కిలోల యూరియా. 45 కిలోల బస్తాలో సగమునకు మించినది. నాలుగెకరములకు రెండు బస్తాలకు పైగా. 2025 వానాకాలమున యూరియా కొరకు మన రాష్ట్రపు రైతులు తెల్లవారకమునుపే చెప్పులు వరుసగా పెట్టి నిలిచిన దృశ్యము ఎవరును మరచియుండరు. ఆ వరుసలో నిలిచిన చేతులే కోత ముగియగానే పొలములో నత్రజనిని కాల్చుచున్నవి. ఈ మాట నిష్ఠురముగా తోచినను చెప్పక తప్పదు.

కలియదున్నినచో ఆ 800 కిలోల కర్బనమంతయు నేలలో నిలుచునని మేము చెప్పము. పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు ఒకటి రెండేండ్లలో మరల గాలిలోనికే పోవును. మిగులునది పదింట ఒకటి రెండు పాళ్లు. కాని పోవు భాగము ఊరక పోదు. నేలలోని జీవరాశికి ఆహారమై, పైరునకు కావలసిన లవణములను విడిపించి, పిదప పోవును. కాల్చినచో ఆ మేలును లేదు, మిగులును లేదు.

పసుపు పండించు మన ప్రాంతపు రైతునకు ఈ పాఠము చెప్పనక్కరలేదు. ఆర్మూరు, డిచ్‌పల్లి తావుల పసుపు రైతు ఎకరమునకు పది టన్నుల పెంట వేసినను చాలదనుకొనును. వేలకు వేలు పోసి ట్రాక్టరు పెంట కొనును. గొర్రెల మంద పెట్టించును. చెరువు పూడిక మట్టి తోలించును. ఏల? గట్టిపడిన నేలలో కొమ్ము ఊరదని అతనికి తండ్రి తాతలనాటినుండి తెలియును. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండు పంటకు నేలలో తిండి యుండవలెను గదా. కాని ఆ రైతే గట్టు దాటి తన వరిమడిలోనికి పోయి గడ్డికి అగ్గి పెట్టును. ఒక మడికి కర్బనమును డబ్బు పెట్టి కొని తెచ్చుచు, ప్రక్క మడిలో ఊరక వచ్చిన కర్బనమును కాల్చుచున్నాడు. ఇంటి ముందు గుమ్మములో పాలు కొని, వెనుక దొడ్డిలో పాలు పారబోసికొను సంసారమును మీరేమందురు?

ఇందుకు రైతులు చెప్పు ఆక్షేపణలు లేకపోలేదు. వానిని దాచి వాదించుట న్యాయము కాదు.

మొదటిది వ్యవధి లేదనుట. పంజాబు రైతునకు ఈ మాట చెల్లును. అక్కడ వరికోతకు గోధుమ విత్తుటకు నడుమ రెండు మూడు వారములే యుండును. మనకు అట్లు కాదు. వానాకాలపు కోత నవంబరు నడుమకు ముగిసినచో యాసంగి నాట్లు సాధారణముగా డిసెంబరు చివర గాని జనవరిలో గాని పడును. నాలుగైదు వారములు చేతిలో నున్నవి. యాసంగి కోత పిదప తొలకరి వరకు అంతకంటె ఎక్కువ వ్యవధి కలదు. కావున తొందర యనునది చాలచోట్ల మనము పొరుగువారిని చూచి నేర్చుకొన్న అలవాటు.

రెండవది గడ్డి దున్నిన మడిలో నారు పసుపుబారుననుట. ఇది నిజము. పచ్చిగడ్డి క్రుళ్లునప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికముగా తామే వాడుకొనును. నాటుటకు మూడు నాలుగు వారములు ముందుగా, తేమ యున్నప్పుడే, ఎకరమునకు 50 కిలోల సూపరు ఫాస్ఫేటు చల్లి రోటవేటరుతో కలియదున్నినచో ఈ బాధ చాలవరకు తీరును. నాటుటకు ముందునాడు దున్ని, మరునాడు నారు పసుపుబారినదని గడ్డిని నిందించుట తగదు.

మూడవది మా శాఖవారికే తట్టిన ఆక్షేపణ. నీరు నిలిచిన మడిలో పచ్చిగడ్డి తొక్కినచో మీథేను అధికముగా పుట్టును. మీథేను వేడిమి పట్టుటలో బొగ్గుపులుసు గాలికంటె అనేక రెట్లు బలమైనది. కావున గడ్డిని నీటిలో తొక్కుట మేలు కాదు. నీరు పెట్టుటకు నెలదినములు ముందుగా ఆరినేలలో కలిపినచో మీథేను చాల తగ్గును. పంట కాలమున మడిని ఎల్లప్పుడు నింపియుంచక, ఆరగట్టి మరల తడి పెట్టుటవలన ఇంకను తగ్గును. బోరునీటితో వరి వేయువారికి దీనివలన నీరును కలిసివచ్చును.

నాలుగవది అన్నిటికంటె బలమైనది: ఖర్చు. ట్రాక్టరు మరియొకసారి దున్నవలెను, డీజిలు కావలెను. ఎద్దులు పోయినవి, పాడి పశువులు తగ్గినవి, గడ్డివాములు అరుదైనవి. కూలివాండ్రు దొరకుట కష్టము. ఈ స్థితిలో ఒంటరి రైతుతో అగ్గి పెట్టవద్దని చెప్పి చేతులు దులుపుకొనుట ఉపన్యాసకులకు తగును గాని సహకార సంఘమునకు తగదు. జరిమానా వేయుమనువారును కలరు. కాల్చుటకంటె కాల్చకుండుట చవుకయగునట్లు చేయనంతకాలము జరిమానావలన పొగ తగ్గక, పగలు పెట్టు అగ్గి రాత్రి పెట్టుట మాత్రమే జరుగునని మా భయము.

అందువలన ఈ భారము సంఘము వహింపవలెనని మా ప్రతిపాదన. ఏ ఒక్క రైతును బేలరు కొనలేడు; కొన్నను ఏటికి ఇరువది దినములకంటె వాడుకొనలేడు. సంఘము ఒకటి కొని, గ్రామముల వంతు చొప్పున నామమాత్రపు బాడుగకు త్రిప్పినచో గడ్డి కట్టలై పాడిపశువులున్న వారికి చేరును. అయితే గడ్డి పోయిన పొలమునకు పెంట తిరిగిరావలెను. లేనిచో కాల్చుటకును అమ్ముటకును నేల దృష్టిలో భేదము స్వల్పమే. గడ్డి కొనువాడు పెంట ఇచ్చు ఏర్పాటు సంఘమే వ్రాసి పెట్టవచ్చును. గడ్డిని ముక్కలు చేయు మల్చరు ఒకటి బాడుగకుంచినచో కలియదున్నుట సులభమగును. జీలుగ, జనుము విత్తనములు మే నెలలోనే సభ్యులకు చేరవలెను. తొలకరి పడిన పిదప వచ్చు పచ్చిరొట్ట విత్తనము పెండ్లి అయిన పిదప వచ్చు బాజావంటిది. ప్రతి సభ్యుని పాసుపుస్తకమువలె ప్రతి పొలమునకును ఒక మట్టి పుస్తకముంచి, మూడేండ్ల కొకసారి సేంద్రియ కర్బనపు అంకెను అందు వ్రాయించినచో, ఎవరి నిలువ పెరుగుచున్నదో ఎవరిది తరుగుచున్నదో మహాసభలో అందరికి తెలియును. అప్పు ఇచ్చునప్పుడు పహాణీ చూచు సంఘము నేల బలమును కూడ చూచుట న్యాయమే.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. 2023లో భారత ప్రభుత్వము కర్బన క్రెడిట్ల వ్యాపార పథకమును ప్రకటించినది. నేలలో కర్బనము నిలిపినందుకు గాని మీథేను తగ్గించినందుకు గాని రైతులకు సొమ్ము ఇప్పింతుమని చెప్పి ఒడంబడికలు తెచ్చు సంస్థలును బయలుదేరినవి. అందు మేలైనవి ఉండవచ్చును. వలదని మేము చెప్పము. కాని ఎన్ని యేండ్లు కట్టుబడవలెను, కౌలుదారునకు ఏమి వచ్చును, నడుమ పద్ధతి మార్చినచో ఏమి జరుగును, కొలత ఎవరు చేయుదురు, వచ్చిన దానిలో నూటికి ఎంత రైతు చేతికందును అను ప్రశ్నలకు జవాబు తెలుగున వ్రాసి ఇచ్చువరకు ఎవరును వ్రేలిముద్ర గాని సంతకము గాని పెట్టరాదు. ఇట్టి కాగితములను ఒంటరిగా గట్టుమీద కాక సంఘ మహాసభలో చదివించుకొనుడు. క్రెడిట్ల ధర నేడు హెచ్చి రేపు తగ్గవచ్చును. మట్టిలో పట్టిన తేమ మాత్రము మీదే.

వృద్ధ రైతునకు మేము నాడు చెప్పిన సమాధానము ఇది: "తాతా, మీ పొగతో లోకము కాలదు. పొగగొట్టములవారిని అడుగవలసినదే, మేమును అడుగుదుము. కాని ఎండ హెచ్చి వాన తప్పిన నాడు పొగగొట్టములవారికి నష్టము లేదు. నష్టము మీ మడికే. ఆ నాటికి మీ మట్టిలో తేమ పట్టు బలముండవలెను. ఆ బలమునే మీరు కాల్చుచున్నారు." ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే ఈసారి రెండెకరాలు దున్ని చూస్త. పైరు పచ్చబడితే మిగతా రెండు" అనెను. అంతకంటె తెలివైన మాట ఏ పరిశోధనాలయమునను మేము వినలేదు. సగము దున్ని, సగము విడిచి, తన కంటితో పోల్చి చూచుకొనుటయే ప్రదర్శన యనుపదమునకు అర్థము.

సభ్యులందరు ఈ యాసంగిలో ఒక్కొక్క మడినైనను అట్లు పరీక్షింతురని ఆశించుచున్నాము. బేలరు, మల్చరుల విషయమై రాబోవు మహాసభలో తీర్మానము ప్రతిపాదింప నిశ్చయించితిమి. అనుకూలముగా గాని ప్రతికూలముగా గాని చెప్పదలచినవారు తప్పక వచ్చి చెప్పవలెనని ప్రార్థన. లోకపు జామీనుదారులలో సముద్రము మన చేతిలో లేదు. కెనడా అడవి మన చేతిలో లేదు. ఆరంగుళముల మట్టి మన చేతిలో నున్నది. దానిని బూడిద కానీయకుండుట మన పని.